సూదితోక మగవి ఎన్ని

1998 జూలై 9

విరుదునగర్ ఆఫీసు నుంచి కొత్త బోర్డులు వచ్చాయి. చారల తల పెద్దబాతు ముందు హంస అని పెట్టారు. ఈ మిల్లువాళ్ళ పక్షుల పార్కులో హంస ఎప్పుడూ లేదు. మిల్లు యజమాని, ముదలాళి, వాళ్ళ నాయన కాలంలోనూ లేదు. ఆ బాతు తెల్లగా కూడా ఉండదు. బూడిద రంగు.

బోర్డులు రాయించింది సెందిల్‌కుమార్. జంతువుల చదువు చదివాడట. ముదలాళికి చెల్లెలి కొడుకు కూడా. ఆ రెండోదే అసలు చదువు.

నేను నోరు తెరిచాను. అది నా తప్పు. "అయ్యా, అది హంస కాదు" అన్నాను. అతను నవ్వాడు. మేనేజర్ రాజగోపాలన్ నవ్వాడు. గుంత తవ్వే కూలివాళ్ళు కూడా పార ఆపి నవ్వారు. వాళ్ళకు ఏమి తెలిసి నవ్వారో.

"తాతా, నువ్వు గేటు చూసుకో. టికెట్టు చింపేదానికి హంసతో ఏం పని" అన్నాడు సెందిల్‌కుమార్ అరవంలో.

సరే.

జూలై 10

గేటు చూసుకున్నాను.

జూలై 26, ఆదివారం

జనం బాగా వచ్చారు. మా కోవిల్‌పట్టి అంటే కడలమిఠాయి, వేరుశెనగ పట్టీ. తిన్నంత తిని, మిగిలింది మా చెరువులో వేస్తారు. బెల్లం పాకం బాతు గొంతులో అంటుకుంటుంది. పక్షులకు ఏమీ వేయరాదు అని బోర్డు ఉంది. ఆ బోర్డును ఆనుకొనే నిలబడి విసురుతారు. చదువుకున్నవాళ్ళు ఇంకా దూరం విసురుతారు.

మాయక్కాళ్ కర్రకు కట్టిన వలతో ఆ ముక్కలన్నీ ఎత్తింది. పోయిన కార్తిగైలో, నవంబరు చివర, మేత పనికి చేరింది. అంతకు ముందు తాయిల్పట్టిలో టపాసుల పని. కుడిచేతిలో రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. "ఆడ మందు, ఈడ బాతు. బాతు పేలదు గదన్నా" అంటుంది. మనవాళ్ళే. ఇంట్లో మన తెలుగు మాటే.

ఈ పొద్దు ఈకలు పిడికిట్లో పట్టుకొని గేటు దగ్గరికి వచ్చింది.

"అన్నా, సూదితోక బాతుల్లో మగదానికి రోగం వచ్చిండాది. తోక రాలిపోయింది. మెడ మీద తెలుపంతా పోయింది."

"రోగం కాదు. మూడు మగవాటికీ ఏటా ఇంతే. ఆడదాని మాదిరి అయిపోతాయి. కార్తిగైలో మళ్ళా తోక వస్తుంది."

"మగది నాలుగు నెలలు ఆడదయ్యేదా? మా ఇంటాయన ఉండినప్పుడు ఒక్క దినం అట్ల అయి చూసుంటే బాగుండు."

ఆ మాటకు నాకూ నవ్వు వచ్చింది. ఇక్కడ ఈకల సంగతి అడిగి తెలుసుకున్న మనిషి ఈమె ఒక్కతే. మిగతావాళ్ళు తెలుసుకొని పుట్టారు.

ఆగస్టు 12

ఆరు నెలలకోసారి ఢిల్లీకి లిస్టు పోవాలి. దేశంలో ఏ జూలో ఏ నీటిపక్షి ఎన్ని ఉన్నాయో అక్కడ ఎవరో కూర్చొని పుస్తకంగా కూరుస్తారట. పుస్తకంలో బాతుకు మేత అక్కర్లేదు. చావదు. ఈకలు రాలవు. వీళ్ళకు తగిన బాతు అదే.

ఒక్కో రకానికి మూడు గడులు. మగవి. ఆడవి. తెలియనివి. మూడో గడిలో సెందిల్‌కుమార్ ఎప్పుడూ సున్నా వేస్తాడు. అతనికి తెలియనిది లేదు.

చెరువు కంపు అని అతను గొడుగేసుకొని దూరంగా వేపచెట్టు దగ్గర నిలబడ్డాడు. రాజగోపాలన్ గట్టు దాకా పోయి చూసి వచ్చి చెప్పాలి. సెందిల్‌కుమార్ రాయాలి. మాయక్కాళ్ మేత మూటల కోసం ఊళ్ళోకి పోయి ఉంది. సూదితోకల దగ్గర రాజగోపాలన్‌కు లెక్క తెగలేదు. గేటు దగ్గరికి వచ్చి నన్ను అడిగాడు.

అడిగాడు. చెప్పాను.

ఆగస్టు 13

ఎండ. ఎవరూ రాలేదు.

ఆగస్టు 24

విరుదునగర్‌లో రెండు లిస్టులు పక్కపక్కన పెట్టి చూశారట. జనవరిలో సూదితోక మగవి మూడు, ఆడవి రెండు. ఇప్పుడు మగవి సున్నా, ఆడవి ఐదు. మొత్తం అదే ఐదు.

దీని నుంచి వాళ్ళు కనిపెట్టింది ఇది. అందంగా ఉండే మగవాటిని ఎవరో అమ్మేశారు. లెక్క తప్పకుండా మూడు ఆడవాటిని తెచ్చి వేశారు.

ఎంత తెలివి. ఆవణి నెలలో ఈ కరువు సీమలో సూదితోక ఆడబాతులు మూడు ఎవడు తెస్తాడు? అవి చలికాలానికి వచ్చే పక్షులు. ఇప్పుడు ఎవరి కంట పడాలన్నా వేల మైళ్ళ అవతల ఉన్నాయి. అంత దూరం పోయి తెచ్చే దొంగ దొరికితే వాడినే మేనేజరుగా పెట్టుకోవచ్చు.

దొంగ మాయక్కాళ్ అంట. మేత కొట్టు తాళం ఆమె దగ్గర ఉంటుంది. ఆమె తమ్ముడు కృష్ణన్ కారియాపట్టి పక్కన చేలల్లో కాడపిట్టలకు, అదే కౌజులకు, వల వేస్తాడు. ఇంక ఏం కావాలి వాళ్ళకు.

కార్తిగై వస్తుంది. తోకలు వస్తాయి. అప్పుడు వీళ్ళ మొహాలు చూడాలి.

ఆగస్టు 25

సుబ్బులక్ష్మి అన్నం పెట్టి ఎదురుగా కూర్చొంది. నా పెళ్ళాం నోరు ఊరికే ఉండదు. మా ఇద్దరి వంతూ ఆమే మాట్లాడుతుంది.

"ఏందయ్యా, అన్నం పిసుకుతానే ఉండావు. బాతు సంగతేనా? వీధంతా అదే మాట."

"ఊ."

"ఆ మాయక్కాళ్ దొంగిలించేదా? నాకి మునక్కాయ ఇచ్చి, బదులుకు నేను రెండు మిరపకాయలు ఎక్కువ ఇచ్చినానని మళ్ళా తెచ్చి ఇచ్చిపోయింది. నీకి తెలుసు గదా ఈకల కత. పోయి చెప్పేది."

"ఆ గాడిదలకా?"

"గాడిదలకు కాకుంటే ఎవరికి చెప్తావు? బాతులకు తెలుసు, నీకి తెలుసు. తెలియనోళ్ళకే గదా చెప్పేది."

మజ్జిగ పోసుకొని లేచాను.

ఆగస్టు 28

మాయక్కాళ్ వాళ్ళకు ఈకల సంగతి చెప్పిందట. ఎవరు చెప్పారు నీకు అంటే పొన్నయ్య అన్న అని చెప్పిందట. నన్ను మేనేజరు గదికి పిలిచారు. వెళ్ళాను. ఎక్కువ మాట్లాడలేదు.

ఆగస్టు 29

నేను ఎప్పుడూ ఎక్కువ మాట్లాడను. ముప్పై ఒక్క ఏళ్ళు మిల్లులో నూలు మగ్గాల చప్పుడు మధ్య పని చేశాను. అక్కడ ఎవరూ మాట్లాడరు. అందరికీ తెలుసు.

సెప్టెంబరు 3

మాయక్కాళ్‌ను లోపలికి విడవకూడదని ఆర్డరు. గేటు మూసేది నేను. ఇంకెవరు మూస్తారు.

తొమ్మిదింటికి వచ్చింది. చేతిలో ఆకుకూర కట్ట ఉంది. బాతులకు తెచ్చింది.

"తెరువన్నా."

నేను కాగితం చూపించాను. ఆమెకు చదవను రాదు. అయినా కాగితం వైపే చూసింది, నా వైపు కాదు.

"ఆ పొద్దు నిన్ను గదిలోకి పిలిస్తే నేను బయట నిలుచుండినాను. కిటికీ మూసుండె. వాండ్లు ఏమడిగినారో, నువ్వు ఏం చెప్పినావో వినబళ్ళేదు. చెప్పినావు గదా?"

"ఊ."

"చెప్పినా నమ్మలేదా? అయితే వాండ్లు మనుషులే కాదు పో."

ఆకుకూర కట్ట ఊచల సందులోంచి లోపల పెట్టింది. "కోసి వెయ్యి. పెద్ద ముక్కలు వెయ్యొద్దు. ఆ చిన్న ఆడదానికి మింగను రాదు" అని చెప్పి పోయింది.

కోసి వేశాను. చిన్నగానే కోశాను.

సెప్టెంబరు 10

మేతకు కొత్తగా పెట్టిన మనిషి చుట్టల ప్రియుడు. గట్టు మీద కూర్చొని ఇడ్లీ పిండి మిగిలింది తెచ్చి నీళ్ళలో పోస్తాడు. నీళ్ళు పాలలాగా అయి ఉన్నాయి. ఈల బాతు ఒకటి తల పైకెత్తి పెట్టుకొని ఉంది. దాని పద్ధతి బాగానే ఉంది. తల దించితే వీళ్ళు కనబడతారు.

సాయంత్రం గేటు మూశాక సూదితోకల దగ్గరికి పోయాను. ఐదూ మట్టిరంగు. కొత్తవాడికి అన్నీ ఒకటే. ముక్కు పక్కలు చూస్తే చాలు. మూడింటికి నీలం ఉంది. ఆడదాని ముక్కు మొత్తం పలక రంగు. ఇంకా వినాలంటే, ఆడది బాతులాగా అరుస్తుంది. మగది సన్నగా ఈల వేస్తుంది. ఈక మారినా గొంతు మారదు.

చదువుకున్నవాడికి ముక్కు కూడా చూడను రాదు.

సెప్టెంబరు 18

సుబ్బులక్ష్మి చెప్పింది. ఇరవై ఎనిమిదో తేదీ విరుదునగర్ ఆఫీసులో ముదలాళి ముందర విచారణ. ఒప్పుకుంటే పనిలోంచి తీసివేత. ఒప్పుకోకపోతే పోలీసు. మాయక్కాళ్ ఒప్పుకుంటానని ఏడుస్తోందట.

"చెయ్యని దొంగతనం ఒప్పుకొని మళ్ళా తాయిల్పట్టికి పోతాదంట. మందు నూరేదానికి. ఉండే వేళ్ళు కూడా పోనీ అంటాది" అంది.

ఇరవై ఎనిమిది అంటే పురట్టాసి. తోకలకు ఇంకా రెండు నెలలు.

సెప్టెంబరు 19

తోక ముందే వచ్చిన ఏడాది ఏదైనా ఉందా అని ఆలోచించాను. లేదు.

సెప్టెంబరు 20

ఈ డైరీ మిల్లువాళ్ళు పొంగలుకు ఇచ్చింది. మా ఊరి బళ్ళో తెలుగు వాద్యారు ఉన్నంత కాలం, నాలుగో క్లాసు దాకా, నేర్చుకున్న అక్షరాలు ఇవి. ఇంట్లో ఎవరికీ చదవను రాదు. అయినా ఇందులో కూడా దాచాను. ఎవరి దగ్గర దాచానో.

ఆగస్టు 12న రాజగోపాలన్ అడిగింది ఇది. "పెద్దాయనా, సూదితోక మగవి ఎన్ని?"

"చూస్తే తెలుస్తుంది గదయ్యా" అన్నాను.

"అన్నీ ఒకటే మాదిరి ఉన్నాయి."

"అయితే మగది లేదు."

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు."

అతను పోయి వేపచెట్టు దగ్గర చెప్పాడు. సెందిల్‌కుమార్ రాసుకున్నాడు. నాకు కడుపు చల్లబడింది. ఢిల్లీలో ఆ పుస్తకం కూర్చేవాడు చదువుకున్నవాడే అయి ఉంటాడు, వాడికి ఈ ఈకల సంగతి తెలిసే ఉంటుంది, ఆగస్టులో మగవి సున్నా అని చూసి నవ్వుతాడు, ఎవడురా ఈ సెందిల్‌కుమార్ అని పదిమందిలో నవ్వుతాడు. హంస దగ్గర నవ్వినదానికి అది చాలు అనుకున్నాను. ఆ నవ్వు ఢిల్లీ దాకా పోలేదు. విరుదునగర్‌లోనే దిగి మాయక్కాళ్ ఇంటికి పోయింది.

ఆగస్టు 28న గదిలో అడిగింది ఇది. "ఈకలు మారతాయని ఈమె అంటోంది. నువ్వు చెప్పావట. నిజమా?"

నిజం అంటే, తెలిసీ సున్నా ఎందుకు చెప్పావు అని అడుగుతారు. సెందిల్‌కుమార్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అప్పటికే పెదవి మీద నవ్వు ఉంది.

"నాకు తెలియదయ్యా" అన్నాను.

వాళ్ళను గాడిదలు అని ఈ డైరీలో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూడలేదు.

సెప్టెంబరు 27

గంప తెచ్చి పెట్టాను. సుబ్బులక్ష్మి ఏమిటికి అని అడగలేదు. ఆమె అడగకపోవడం ఇదే మొదలు.

సెప్టెంబరు 28

తెల్లవారి పోయి మాయక్కాళ్ వలతో ఒక మగదాన్ని పట్టాను. రెక్కలు కత్తిరించినవే కాబట్టి ఎగరలేదు. గంపలో పెట్టి పైన తుండుగుడ్డ కట్టి పాసింజరు ఎక్కాను.

సాత్తూరులో ఎక్కిన ఒకామె గంప వైపు చూసి అడిగింది. "బాతా తాతా? కూరకా, గుడ్డుకా?"

"మగది" అన్నాను.

"అయితే కూరకే."

విరుదునగర్ వచ్చేదాకా ఆమె బాతును ఎట్లా వండాలో చెప్పింది. మిరియాలు ఎక్కువ వేయాలట. గంపలో అది ఒక్క చప్పుడు చేయలేదు.

ఆఫీసు మేడ మీద. ముదలాళి బల్ల వెనక, సెందిల్‌కుమార్, రాజగోపాలన్ పక్కన. మాయక్కాళ్ తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను పిలవకుండానే లోపలికి పోయాను. అరవై ఏడు ఏళ్ళలో పిలవని చోటికి పోవడం ఇదే.

"పార్కు పక్షిని బయటికి తెచ్చావా?" అని రాజగోపాలన్ లేచాడు. "చూశారా అయ్యా, దొంగ ఎవరో?"

గుడ్డ విప్పాను. ముక్కు పక్కన వేలు పెట్టి చూపించాను. "ఇది నీలం. మగదానికే ఉంటుంది. ఇట్లాంటివి చెరువులో ఇంకా రెండు ఉన్నాయి. ఎవరూ అమ్మలేదు. తోక కార్తిగైలో వస్తుంది." అంత పొడవుగా అరవంలో నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

సెందిల్‌కుమార్ నవ్వలేదు. సంచిలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. పేజీ దొరికింది. వేలు పెట్టి చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. గంపలోని బాతును చూశాడు. అది అప్పుడు సన్నగా ఈల వేసింది. అతను పుస్తకం మూసి, "అవును మామా" అన్నాడు ముదలాళితో. ఆ పుస్తకం జనవరి నుంచి ఆ సంచిలోనే ఉంది.

"ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అని ముదలాళి అడిగాడు.

"పది ఏళ్ళుగా."

"మరి లిస్టు రోజు మగవి లేవని చెప్పింది నువ్వేనట. మొన్న గదిలో అడిగితే తెలియదన్నావట. ఎందుకు?"

జవాబు ఆలోచించుకొని రాలేదు. ముక్కు చూపిస్తే సరిపోతుంది అనుకున్నాను.

"నవ్వినారు" అన్నాను.

"ఎవరు?"

"హంస కాదు అన్నందుకు."

ముదలాళికి అర్థం కాలేదు. అందరి మొహాలూ చూశాడు. అరవంలో ఆ మాట ఇంకా చిన్నగా వినబడింది. డెబ్బైకి దగ్గరపడ్డవాడు చెప్పవలసిన జవాబు కాదు అది.

మాయక్కాళ్‌ను పనిలోకి రమ్మన్నారు. పక్షిని గేటు దాటించినందుకు నన్ను రేపటి నుంచి రావద్దన్నారు.

మెట్ల మీద ఆమె నా వెనకే దిగింది. కిందికి వచ్చాక గంప నా చేతిలోంచి తీసుకుంది. గుడ్డ సర్దింది.

"నేను నవ్వలేదు గదన్నా" అంది.

బస్సుకు పోయింది, బాతుతో. నేను రైలుకు వచ్చాను.

అక్టోబరు 6

ఇంట్లో ఉన్నాను. సుబ్బులక్ష్మి గేటు చూసుకోమంటుంది. వాకిలి గేటు.

నవంబరు 14

వాన. సెందిల్‌కుమార్‌ను పార్కుకు పెద్ద అధికారిగా పెట్టారట. ముక్కు చూడను నేర్చుకున్నాడు కదా, అది చాలు. హంస బోర్డు అట్లాగే ఉందట.

నవంబరు 15

వాన.

డిసెంబరు 13, ఆదివారం

టికెట్టు కొనుక్కొని లోపలికి పోయాను. గేటు దగ్గర కొత్తవాడు నన్ను చూడకుండానే చింపాడు. సగం సరిగ్గా చింపలేదు.

చెరువు నిండుగా ఉంది. గట్టు మీద జనం. కడలమిఠాయి విసురుతున్నారు. సూదితోకలు ఎదర నీళ్ళలో ఉన్నాయి. మెడ మీద తెలుపు వచ్చింది. తోకలు వచ్చాయి.

మాయక్కాళ్ వల పట్టుకొని మోకాళ్ళ లోతులో నిలబడి ఉంది. పక్కన గట్టు మీద సెందిల్‌కుమార్ అట్ట పట్టుకొని రాస్తున్నాడు. ఈసారి గొడుగు లేదు. జనవరిలో పోవలసిన లిస్టు, ముందే. ఇక్కడి నుంచి ఢిల్లీకి.

నేను జనం వెనక నిలబడ్డాను. ఆమె చూసింది. చూసి మిఠాయి ముక్క ఒకటి ఎత్తింది. ఇంకొకటి ఎత్తింది. తరువాత వల కర్ర నీళ్ళలో ఆనించి నిలబడింది.

"అన్నా" అంది. గట్టిగానే. "సూదితోక మగవి ఎన్ని?"

సెందిల్‌కుమార్ తల ఎత్తాడు. జనం అంతా ఎవరిని అడిగిందా అని వెనక్కి తిరిగారు. మిఠాయి చేత్తో పట్టుకున్నవాళ్ళు విసరడం ఆపారు. ఆమెకు లెక్క తెలుసు. రోజూ మేత వేసేది ఆమే. ముక్కులు చూడక్కర్లేదు, తోకలు ఇంతింత పొడవున కనబడుతున్నాయి. నన్ను చూస్తూ నిలబడింది. మొహంలో నవ్వు లేదు, కోపం లేదు. చెప్పేదాకా వల ఎత్తేటట్టు లేదు.

ఒకసారి చెప్పాను, ఎవరికీ వినబడలేదు.

"గట్టిగా చెప్పు" అంది.

"మూడు" అన్నాను. గట్టు అవతలికి వినబడింది.

సెందిల్‌కుమార్ గడిలో రాసుకున్నాడు. ఆమె వల ఎత్తుకుంది.

అడిగింది. చెప్పాను.